యాభై టన్నుల బండి ఆగాలంటే

‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’. పత్రికల్లో తరచూ కనిపించే శీర్షిక ఇది. వార్త చివర వాక్యం కూడా దాదాపు మారదు: డ్రైవర్ నిర్లక్ష్యమే కారణమని పోలీసులు తెలిపారు. నిర్లక్ష్యం ఉండొచ్చు. కానీ విచారణ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతే, రేపు మరో డ్రైవరు అలాంటి బండితోనే అదే మలుపులో అదే ప్రమాదంలో పడతాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టనపెట్టుకున్నాయని కేంద్ర రవాణా శాఖ లెక్క. ట్రైలర్ లారీల ప్రమాదాల వెనక ఉన్న భౌతికశాస్త్రం తెలిస్తే, తప్పు ఎక్కడ మొదలవుతోందో, దాన్ని ఎవరు సరిదిద్దాలో కూడా తెలుస్తుంది.

వేగం వేడిగా మారాలి

మన రోడ్ల మీద ట్రైలర్ లారీ సరుకుతో సహా 55 టన్నుల దాకా తూగొచ్చు. 50 టన్నుల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి దాదాపు 12 మెగాజౌళ్లు. 40 లీటర్ల నీళ్లను మరిగించడానికి అది చాలు. బ్రేకు వేయడమంటే ఆ శక్తినంతా చక్రాల డ్రమ్ముల్లో వేడిగా మార్చడమే.

డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి కాలు కదపడానికి ఒకటిన్నర సెకను, పైపుల గుండా గాలి ఒత్తిడి వెనక చక్రాలకు చేరడానికి మరో అర సెకను అనుకుందాం. బ్రేకు పట్టేలోపే బండి 44 మీటర్లు వెళ్లిపోతుంది. బ్రేకులు బాగుండి, రోడ్డు పొడిగా ఉంటే ఆపైన ఇంకో 50 మీటర్లు. అందుకే లారీ ముందు కనిపించే ఖాళీ నిజానికి ఖాళీ కాదు. అందులోకి దూరిన కారు, లారీ ఆగడానికి కావలసిన చోటును ఆక్రమించినట్టే.

ఘాట్ రోడ్డులో లెక్క మరీ కఠినం. అదే బండి 200 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, పైన చెప్పిన శక్తికి దాదాపు ఎనిమిది రెట్లు అదుపు చేయాలి. అదంతా బ్రేకుల మీదే వేస్తే డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి. డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకునే లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరుగుతుంది. లైనర్ల పట్టు కూడా సడలుతుంది. డ్రైవరు పెడల్‌ను చివరిదాకా తొక్కినా బండి ఆగదు. బ్రేకు ఫెయిలైందని మనం అనేది చాలాసార్లు దీన్నే. దీనికి మందు పాతదే: దిగుడు మొదలవకముందే చిన్న గేరుకు మార్చి, బరువును ఇంజినుతో, ఎగ్జాస్ట్ బ్రేకుతో పట్టి ఉంచాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే ఆ పట్టు మొత్తం పోతుంది. 2022 నవంబరులో పుణెలోని నవలే వంతెన దగ్గర ఒక భారీ వాహనం వరసగా ఎన్నో బళ్లను గుద్దుకుంటూ పోయింది. డ్రైవరు ఇంధనం ఆదా కోసం వాలులో ఇంజిను ఆపేశాడని పోలీసులు ప్రాథమిక విచారణలో చెప్పారు.

కీలు దగ్గర మడత

ట్రైలర్ లారీ ఒక బండి కాదు, రెండు. ముందున్న ఇంజిన్ బండికీ వెనక ట్రైలరుకూ మధ్య తిరిగే కీలు ఒకటే, కింగ్‌పిన్. మలుపు తిరగడానికి అదే ఆధారం, ఆపదా అక్కడే. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంజిన్ బండి వెనక చక్రాలు బిగుసుకుపోవచ్చు. తిరగని చక్రం జారుతుంది, పక్కకు పోకుండా ఆపే పట్టు కోల్పోతుంది. అప్పుడు దిగుడులో బండి బరువు ఎడ్ల మెడ మీదికి తోసుకొచ్చినట్టు ట్రైలర్ వెనక నుంచి తోస్తుంది. ఒకటి రెండు సెకన్లలో క్యాబిన్ పక్కకు తిరిగి ట్రైలర్‌కు ఆనుకుంటుంది. ఇక స్టీరింగుతో చేయగలిగింది ఏమీ లేదు.

ఖాళీ ట్రైలర్ నిండుదానికంటే భద్రమనుకుంటాం. నిజానికి అందులోనూ ముప్పు ఉంది. బ్రేకుల బలం నిండు బరువుకు తగ్గట్టు ఉంటుంది. ఖాళీ బండి చక్రాల మీద బరువు తక్కువ కాబట్టి అవి త్వరగా బిగుసుకుంటాయి. ఎండలకు పేరుకున్న నూనె, దుమ్ము తొలకరి చినుకులతో కలిసి జారుడుగా మారిన రోజున ఈ ముప్పు ఇంకా ఎక్కువ. చక్రం బిగుసుకునే క్షణంలో బ్రేకును వదిలి, మళ్లీ పట్టే ఏబీఎస్ దీనికి విరుగుడు. అయితే అది రెండు భాగాల్లోనూ పనిచేయాలి. కొత్త ఇంజిన్ బండికి పాత ట్రైలర్ తగిలించి, మధ్య కేబుల్ ఊడిపోయినా పట్టించుకోకపోతే ఫలితం సగమే.

చీకట్లో నిలిచిన ఇనుము

రాత్రి వేళ లైట్లు లేకుండా రోడ్డు మీద నిలిపిన ట్రైలర్ అన్నిటికంటే అన్యాయంగా ప్రాణాలు తీస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆగడానికి దాదాపు 95 మీటర్లు కావాలి. డిమ్ లైట్‌లో నల్లటి వస్తువు కనిపించేది అందులో సగం దూరంలోనే. అంటే చూసేసరికే ఆలస్యమైపోతుంది. పైగా ట్రైలర్ తలం కారు బానెట్ కంటే ఎత్తులో ఉంటుంది. ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన కారు ముందు భాగం కిందకు దూరిపోతుంది. ఇనుప అంచు నేరుగా అద్దానికి, తలల ఎత్తుకు తగులుతుంది.

దీన్ని ఆపేది వెనక అడ్డంగా బిగించే గట్టి ఇనుప కడ్డీ. అది నేలకు దాదాపు అర మీటరు ఎత్తులోనే ఉండాలి, చట్రానికి బలంగా బిగించాలి. రంగు పూసిన పలచటి రేకు కంటికే తప్ప ప్రాణానికి అడ్డు కాదు. దానికి తోడు వెలుతురు పడితే మెరిసే టేపు, పనిచేసే వెనక దీపాలు ఉండాలి. బండి చెడిపోతే రోడ్డు పక్కకు దించి, చాలా వెనకగా హెచ్చరిక త్రికోణం పెట్టాలి.

నిద్ర కూడా లెక్కలోకే

యూరోపియన్ యూనియన్‌లో లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. ఆ లెక్క బండిలోని టాకోగ్రాఫ్ యంత్రంలో నమోదవుతుంది. మన దగ్గర 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని అని చెప్పింది. కానీ సరుకు ఫలానా గంటకు చేరాలని ఒత్తిడి చేసి, ట్రిప్పుల లెక్కన డబ్బులిచ్చే చోట ఆ నియమం కాగితం మీదే ఉండిపోతుంది. నిద్ర ముంచుకొచ్చి మూడు సెకన్లు కళ్లు మూతపడితే, 80 కిలోమీటర్ల వేగంలో బండి దాదాపు 67 మీటర్లు ఎవరూ నడపకుండానే పోతుంది.

కాబట్టి ప్రతి ప్రమాద నివేదికలోనూ కొన్ని ప్రశ్నలకు జవాబు ఉండాలి. డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడు? బరువు ఎంత? రెండు భాగాల బ్రేకులూ ఎలా ఉన్నాయి? వెనక కడ్డీ, టేపు, దీపాలు ఉన్నాయా? ఆ చుట్టుపక్కల బండి నిలుపుకునే చోటు ఉందా? ఈ జవాబుల్లో కొన్ని డ్రైవరు వైపు చూపిస్తాయి. ఎక్కువ భాగం యజమాని వైపు, సరుకు పంపినవాళ్ల వైపు, చూడకుండా ఫిట్‌నెస్ పత్రం ఇచ్చినవాళ్ల వైపు, రోడ్డు నిర్వహించేవాళ్ల వైపు చూపిస్తాయి. నేరం ఒక్కడి నెత్తిన వేసి ఫైలు మూయడం తేలిక. ప్రాణాలు మిగలాలంటే మాత్రం వీళ్లందరినీ జవాబు అడగాల్సిందే.