కవరు సంగతి

ఇవాళ ముచ్చటించబోయేది వంటింటి విషయం కాదు. కాని మొదలైంది మాత్రం వంటింటి గుమ్మంలోనే.

2023 నవంబరులో అసెంబ్లీ ఓటింగుకు రెండు రోజుల ముందు, మా ఇబ్రహీంపట్నంలో పక్కింటి వదినగారు ఒక కవరు పట్టుకొచ్చారు. “తలుపు సందులోంచి తోసి పోయారొదినా, ఏం చెయ్యను?” అన్నారు. నాకూ చప్పున జవాబు తోచలేదు.

చట్టం సంగతి చెబుతాను. ఓటుకోసం డబ్బు ఇచ్చినవారికే కాదు, పుచ్చుకున్నవారికీ ఏడాదిదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయినా 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు, పక్కవారికి కవరొచ్చింది, మాకు రాలేదని జనం రోడ్డెక్కారు. వారిలో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నాయకుల దగ్గరనుంచి చేతికందేది అదొక్కటే అనుకున్నారు మరి!

అసలీ డబ్బు ఎక్కడిది? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం హద్దు లేదు. పాలపద్దు దగ్గర అర్ధరూపాయి తేడా వస్తే ఊరుకోం కదా మనం, మరి ఈ పద్దు అడగవద్దా?

అడిగినవారున్నారు. 1999లో అహమ్మదాబాదులో కొందరు ప్రొఫెసర్లు కలిసి, అభ్యర్థుల ఆస్తులు, అప్పులు, కేసులు ఓటరుకు తెలియాలని కోర్టుకెక్కారు. 2002 మే 2న సుప్రీంకోర్టు ఔనంది. పార్టీలన్నీ ఒక్కటై ఆ తీర్పును నీరుగార్చే చట్టం తెచ్చాయి. (ఇలాంటప్పుడు వాళ్ళ ఐకమత్యం చూడముచ్చటగా ఉంటుంది!) మళ్ళీ కోర్టుకు వెళ్ళినవారిలో మన జయప్రకాశ్ నారాయణగారి లోక్‌సత్తా కూడా ఉంది. అప్పటికింకా అది పార్టీ కాదు, ప్రజాసంస్థే. 2003 మార్చి 13న ఆ చట్టం చెల్లదని తీర్పొచ్చింది. పార్టీలకు గుప్తంగా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న కోర్టు కొట్టేసిందన్నా, పిటిషను వేసినవారిలో ఆ ప్రొఫెసర్లు పెట్టిన సంస్థే ఉంది.

అందువల్లే ఇవాళ ప్రతి అభ్యర్థీ తనవీ, భార్యవీ లేక భర్తవీ బంగారం, భూములు, అప్పులు, తన మీద కేసులు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. డబ్బు పంపకం కంటబడితే ‘సీ-విజిల్’ యాప్‌లో ఫోటో పంపవచ్చు. మన పేరు చెప్పనక్కరలేదు.

వదినగారికి ఇదంతా చెప్పాను. “ఫోటో వద్దొదినా, ఆయన వ్యాపారం దెబ్బతింటుంది” అని కవరు బియ్యం డబ్బాలో దాచారు. మర్నాడు పిల్లవాడి ఫోనులో ఇద్దరం కూర్చుని అభ్యర్థుల ప్రమాణపత్రాలు ఒక్కొక్కటే చదివాము. నగలు, ప్లాట్లు, కార్లు... వదినగారు చివరిదాకా చూసి, కళ్ళద్దాలు తీసి అడిగారు:

“ఇందులో మన కవర్ల పద్దు ఎక్కడ రాశారొదినా?”