బరువుకన్నా ముందు భంగిమ
బార్‌బెల్ స్క్వాట్ నేర్చుకునే యువతకు, వారి తల్లిదండ్రులకు

మన శరీరం మన సొంత ఆస్తి కాదు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. రాత్రులు నమాజులలోను, పగళ్ళు ఉపవాసాలలోను గడుపుతున్న యువ సహచరుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు, శరీరానికి కూడా ఆయనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) గుర్తుచేశారు. బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియుడని, అయితే బలహీనుడైన విశ్వాసిలోనూ మేలు ఉన్నదని తెలిపే హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఈ రెండు బోధనలనూ కలిపి చూస్తే మనకు దారి స్పష్టమవుతుంది. బలం సంపాదించడం మెచ్చదగిన పనే. కాని శరీరం హక్కును కాలరాసి సంపాదించే బలం అమానత్‌ను పాడుచేయడమే అవుతుంది.

పల్నాడు జిల్లా ముప్పాళ్ళ వంటి మిర్చి, పత్తి పండే ప్రాంతాలలో బరువులెత్తడం కొత్త విద్య కాదు. 40 కిలోలకు పైబడిన మిర్చి టిక్కీని లేపేముందు కాళ్ళు ఎడంగా పెట్టి, బరువును ఒంటికి ఆనించుకొని, తొడల సత్తువతో లేవాలని అనుభవజ్ఞుడైన హమాలీకి ఎవరూ చెప్పనక్కరలేదు. తాలింఖానాలలో ఉస్తాదుల ఎదుట దండీలు, బస్కీలు తీసిన తరం కూడా ముందు పద్ధతి నేర్చుకొని, తరువాతే సంఖ్య పెంచుకున్నది. నేడు సత్తెనపల్లిలోనో నరసరావుపేటలోనో జిమ్‌లో చేరే యువకుడికి ఆ ఓపిక కొరవడుతున్నది. ఫోనులో చూసిన వీడియోను ఉస్తాదుగా భావించి, మొదటి వారంలోనే కడ్డీకి పెద్ద ప్లేట్లు తగిలిస్తున్నాడు. నడుము పట్టివేసిన తరువాత వ్యాయామమే చెడ్డదని మానేస్తున్నాడు. చెడ్డది వ్యాయామం కాదు, తొందరపాటు.

మన నేల చూపిన దారి

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ పోటీలలో బరువును గుంజుకొని, దాని కింద గొంతుక్కూర్చొని, అక్కడి నుండి పైకి లేవాలి. అంటే స్క్వాట్ లేనిదే వెయిట్‌లిఫ్టింగ్ లేదు. మనకు పొరుగునే ఉన్న మంగళగిరి యువతి షేక్ సాదియా అల్మాస్ 2021లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఆసియా క్లాసిక్ పవర్‌లిఫ్టింగ్ పోటీలలో స్వర్ణపతకం గెలుచుకున్నారు. పవర్‌లిఫ్టింగ్‌లోని స్క్వాట్, బెంచ్‌ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లలో మొదటిది స్క్వాటే. ఆ పోటీలలో తుంటి మడత మోకాలి పైభాగం కన్నా కిందికి దిగకపోతే, ఎంత బరువు ఎత్తినా లెక్కలోకి రాదు. భంగిమ తప్పిన బరువుకు విలువ లేదన్నది క్రీడా నియమం కూడా.

సరైన భంగిమ

కడ్డీని స్టాండుపై ఛాతీ మధ్యభాగం ఎత్తులో ఉంచుకోవాలి. మునివేళ్ళపై నిలబడి దించుకోవలసినంత ఎత్తులో ఉంచడం ప్రమాదకరం. కడ్డీ మెడ ఎముకపై కాక, దాని దిగువన భుజాల వెనుక కండపై ఆనాలి. రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, భుజాలను వెనక్కి బిగిస్తే ఆ కండ మెత్తలాగా పైకి లేస్తుంది. ఆపై రెండు మూడు అడుగులు మాత్రమే వెనక్కి వేయాలి.

పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్ళు కొద్దిగా బయటికి తిరిగి ఉండాలి. కడుపు నిండా గాలి పీల్చి, ఎవరో పొట్టపై గుద్దబోతున్నట్లుగా నడుము చుట్టూ కండరాలను బిగించాలి. వెన్నుకు రక్షణ ఈ బిగింపే. తరువాత తుంటిని, మోకాళ్ళను ఒకేసారి వంచుతూ రెండు పాదాల మధ్యకు కూర్చోవాలి. మోకాళ్ళు పాదాల వేళ్ళు చూపే దిక్కుకే సాగాలి. మోకాలు వేళ్ళను దాటి ముందుకు రాకూడదని చాలామంది చెబుతారు, అది సరికాదు. కాళ్ళు పొడవైనవారికి మోకాలు కొంత ముందుకు రావడం సహజం. దానిని బలవంతంగా ఆపితే భారమంతా నడుముపై పడుతుంది. మడమలు నేలను వదలకుండా ఉంటే చాలు.

నమాజు ఆరాధన, స్క్వాట్ వ్యాయామం. రెండింటినీ ఒకే గాటన కట్టరాదు. అయితే వెన్ను తీరును అర్థం చేసుకోవడానికి రుకూ మనకు తోడ్పడుతుంది. దైవప్రవక్త (స) రుకూలో వీపును చదునుగా ఉంచేవారని, తలను పైకెత్తడం గాని మరీ వంచడం గాని చేసేవారు కారని హదీసులు తెలుపుతున్నాయి. స్క్వాట్‌లోనూ వెన్ను ఒంపు తిరగకుండా, మెడ వెన్నుకు తిన్నగా ఉండాలి. కాని శరీరం రుకూలో వలె ముందుకు వాలిపోరాదు. లేచేటప్పుడు తుంటి ముందు లేచి ఛాతీ వెనకబడితే బరువు నడుముకు చేరుతుంది. ఛాతీ, తుంటి కలిసి లేవాలి. ప్రక్కనుండి చూస్తే కడ్డీ పాదం మధ్యభాగానికి నేరుగా పైన, నిట్టనిలువుగా దిగి లేవాలి.

కొత్తవారిలో కనిపించే లోపాలకు మందు చాలావరకు ఒక్కటే: బరువు తగ్గించడం. మోకాళ్ళు లోపలికి ముడుచుకుపోతున్నా, మడమలు లేస్తున్నా, అడుగున నడుము గుండ్రంగా వంగుతున్నా ఆ బరువు ఇంకా మనది కాదని గ్రహించాలి. వెన్ను తిన్నగా ఉన్నంత లోతుకే దిగి, లోతును క్రమంగా పెంచుకోవాలి. మెత్తని పరుగు బూట్లు కుదురు నివ్వవు. గట్టి, చదునైన అడుగున్న బూట్లు మేలు.

మెట్టు మెట్టుగా

మొదట ఏ బరువూ లేకుండా, తరువాత ఒక డంబెల్‌ను ఛాతీకి ఆనించుకొని అభ్యసించాలి. ఆపై ఖాళీ కడ్డీ. అదే సాధారణంగా 20 కిలోలుంటుంది. ఐదేసి చొప్పున మూడు విడతలు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విశ్రాంతి చాలు. పదిహేనూ నిర్దోషంగా వచ్చిన తరువాతే మొత్తం మీద 2.5 కిలోలు పెంచాలి. ప్లేట్లు జారకుండా క్లిప్పులు బిగించాలి. అడుగున బరువు ఆపే ఇనుప అడ్డాలు లేనిచోట ఒంటరిగా చేయరాదు. రమజాన్‌లో బరువు తగ్గించి ఇఫ్తార్ తరువాత చేయడం మంచిది. రక్తపోటు, గుండెజబ్బు, మోకాలి లేదా నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

ఇంటిల్లిపాదికీ

ఈ విద్య యువకులకే పరిమితం కాదు. వయసుతోపాటు తొడల సత్తువ తరుగుతుంది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలో నమాజు చేసే పెద్దలు మన ఇళ్ళలో ఎందరో. వ్యాధిగ్రస్తులకు షరీఅత్ ఆ వెసులుబాటు ఇచ్చింది. అయినా సజ్దా నుండి సొంత కాళ్ళపై లేవగల శక్తి ఎంతటి అనుగ్రహమో అది పోయినవారికే తెలుసు. అమ్మలు, అమ్మమ్మలు గట్టి కుర్చీపై నుండి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. అలవాటైన తరువాత 5 కిలోల బియ్యపు సంచిని గుండెకు హత్తుకొని చేయవచ్చు.

మర్యాదాపూర్వకమైన దుస్తులు దీనికి అడ్డంకి కావు. పాకిస్తానీ మూలాలున్న అమెరికా లిఫ్టర్ కుల్సూమ్ అబ్దుల్లా అభ్యర్థన దరిమిలా, ఒళ్ళంతా కప్పే దుస్తులతో పోటీపడేందుకు అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య 2011లో అనుమతించింది. పురుషులు కూడా సతర్ విషయంలో జాగ్రత్త వహించాలి. కూర్చున్నప్పుడు తొడలు బయటపడని వదులైన దుస్తులు ధరించాలి.

తల్లిదండ్రులకు మేము మనవి చేసేది ఒక్కటే. ఎన్ని కిలోలు ఎత్తావని కాక, ఎంత చక్కగా ఎత్తావని బిడ్డను అడగండి. కుస్తీలో ఎదుటివాణ్ణి పడగొట్టినవాడు కాక, కోపంలో తనను తాను అదుపు చేసుకున్నవాడే అసలైన బలశాలి అని దైవప్రవక్త (స) బోధించారు. తోటివారు చూస్తుండగా మరో ప్లేటు తగిలించాలని నఫ్స్ ఉసిగొల్పినప్పుడు, దానిని తీసి పక్కన పెట్టగలగడం కూడా ఆ అదుపులో భాగమే.

అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, దానిని సద్వినియోగం చేసుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.