మీకు తెలుసా? లంకె బిందెలు దొరికితే ఎవరివి?

జి.కొండూరు నుంచి బెజవాడ వెళ్లే దారిలో కొండపల్లి కొండలు కనబడితే చాలు, ఎవరికో ఒకరికి కోటలోని లంకె బిందెలు గుర్తుకొస్తాయి. ఆ కోట గజపతుల చేతిలోంచి శ్రీకృష్ణదేవరాయలకు, తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీలకు, 1766లో ఆంగ్లేయులకు చేతులు మారింది. ఓడినవాళ్లు పారిపోతూ బంగారం పూడ్చి వెళ్లారని జనం నమ్మకం. నిజంగా పూడ్చారో లేదో ఆ కొండకే తెలియాలి. దొరికితే ఎవరికి చెందుతుందో మాత్రం చట్టం ఎప్పుడో రాసిపెట్టింది.

పది రూపాయలు దాటితే చాలు

గుప్తనిధుల మీద మన దేశంలో ఉన్న చట్టం 1878 నాటిది. నేలలో గానీ, నేలకు అంటుకుని ఉన్న గోడలాంటి కట్టడంలో గానీ దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా దాని లెక్కలో నిధే. విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజున అన్నవన్నీ అందులో ఉండాలి. సొత్తును దగ్గర్లోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు అప్పగిస్తానని పూచీ ఇవ్వాలి.

ముప్పావు నీకు, పావు నాకు

మీ పొలం దున్నుతున్న కూలీ నాగలికి బిందె తగిలిందనుకోండి. పొలం నాది కాబట్టి బిందె నాదే అంటే చెల్లదు. అసలు యజమాని ఎవరూ లేరని కలెక్టరు తేల్చాక, ఇద్దరి మధ్య వేరే ఒప్పందమేదీ లేకపోతే, దొరికించుకున్నవారికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే ఆ సొత్తును ఉంచుకోదలిస్తే లోహం విలువ కట్టి, దానికి ఐదో వంతు కలిపి చెల్లించాలి.

దాచారా, అంతా పాయె!

చెప్పకుండా దాచినవాడి వాటా మొత్తం ప్రభుత్వానికి పోతుంది. పైగా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తెలిసి సాయపడ్డ నేల యజమాని కూడా వాటా పోగొట్టుకుంటాడు, అతనికి ఆరు నెలల వరకు జైలు. రాత్రికి రాత్రి కంసాలి దగ్గర కరిగిస్తే మిగిలేది కేసు. పొద్దున్నే కలెక్టరాఫీసుకు వెళితే ముప్పావు వాటాకు దారి.

వందేళ్ల గీత

నిధి దొరికిన నాటికి వందేళ్ల లోపే పూడ్చినదని తేలితే, పూడ్చినవారి వారసులు సివిల్ కోర్టులో హక్కు నిరూపించుకోవచ్చు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ రోజు ఎవరైనా నగలు పెరట్లో పాతిపెట్టి ఊరు విడిచి ఉంటే, అవి 2042 ఏప్రిల్ లోపు బయటపడితే మనవలు, మునిమనవలు అడగడానికి దారి ఉంది.

550 ఏనుగుల కథ

1565లో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు హతుడయ్యాక, తమ్ముడు తిరుమలరాయలు 550 ఏనుగుల మీద విజయనగర ఖజానా ఎక్కించి పెనుకొండ దారి పట్టాడని రాబర్ట్ సీవెల్ తన చరిత్రలో రాశాడు. రాయలసీమ కోటల్లో నిధుల కబుర్లకు ఇలాంటి కథలే ఊపిరి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో ప్రభుత్వ అనుమతితోనే తవ్వకాలు మొదలయ్యాయి. బంగారం రాలేదు, జంతువుల ఎముకలు బయటపడ్డాయి. రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా పలుగు వేస్తే అదే ఒక నేరం.

నిజాం పది లక్షల పౌన్లు

నేలలో పూడ్చిన సొత్తుకే కాదు, బ్యాంకులో ఉన్న సొమ్ముకూ ఎవరిదన్న తగువు వస్తుంది. 1948 సెప్టెంబరులో భారత సేన హైదరాబాదులోకి వచ్చిన రోజుల్లో, నిజాం ఆర్థికమంత్రి 10 లక్షల పౌన్లకు పైగా సొమ్మును లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మళ్లించాడు. నిజాం వెంటనే తిరిగి అడిగినా బ్యాంకు ఇవ్వలేదు. 71 ఏళ్లకు, 2019 అక్టోబరు 2న, లండన్ హైకోర్టు ఆ సొమ్ము భారత్‌కూ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పిచ్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌన్లయింది!

సముద్రం కింది వెండి

1941 ఫిబ్రవరిలో కలకత్తా నుంచి వెండితో వెళ్తున్న గైర్సొప్ప ఓడను ఐర్లాండ్‌కు దూరాన జర్మన్ జలాంతర్గామి ముంచింది. బీమా సొమ్ము చెల్లించిన బ్రిటన్ ప్రభుత్వం ఆ సరుకుకు యజమాని అయింది. 2012, 2013లో 100 టన్నులకు పైగా వెండి పైకి తీసిన కంపెనీకి ఖర్చులు పోను 80 శాతం ఒప్పందం.

1942 నవంబరులో బొంబాయి నుంచి బయలుదేరిన తిలావా ఓడను జపాన్ జలాంతర్గామి ముంచింది. 280 మంది చనిపోయారు. అందులో దక్షిణాఫ్రికా నాణేల కోసం కొన్న 2,364 వెండి కడ్డీలున్నాయి. 2017లో పైకి తీసిన కంపెనీ కూలి కోసం దావా వేసింది. సరుకు ఒక దేశ ప్రభుత్వానిది కాబట్టి దావా చెల్లదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. ముందు మాట్లాడుకున్నవారికి 80 శాతం, ముందు తవ్వి తర్వాత అడిగినవారికి కోర్టు మెట్లు!

ధనబోడులో ధనమేది?

జగ్గయ్యపేట జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరున వెలసిన ఊరు. అక్కడి దిబ్బ పేరు ధనబోడు. 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ పరిశీలించిన ఆ దిబ్బలో తేలింది బౌద్ధ స్తూపం. అక్కడ దొరికిన పలకల్లో ఒకదాని మీద చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే, మబ్బుల్లోంచి చదరపు నాణేలు జలజలా రాలుతుంటాయి. ధనబోడులో మనకు దక్కిన ధనవర్షం ఆ రాతిబొమ్మే.

ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చట్టం ప్రకారం చోటుకు యజమానికి పావు వంతు. ఊరికి ఎంతో మాత్రం ఏ సెక్షనూ చెప్పదు. జగ్గయ్యపేట పిల్లలు తమ ఊరి నాణేల వాన చూడాలంటే మద్రాసు రైలెక్కి, టిక్కెట్టు కొనుక్కోవాల్సిందే.