విసునూరు దొర: శిస్తు వసూలు నుంచి 40 వేల ఎకరాల దాకా..!

జనగామ జిల్లా విసునూరు అనగానే పాత తరానికి ఇప్పటికీ గడీనే గుర్తొస్తుంది. అసలు ఈ దేశ్‌ముఖ్‌లు ఎవరు? నిజాం తరఫున శిస్తు వసూలు చేసినవాళ్లే. 1860ల్లో మొదటి సాలార్‌జంగ్ ఆ పనిని సర్కారు ఉద్యోగులకు అప్పగించినా, వీళ్లకు పరిహారంగా వతన్లు దక్కాయి. ఊరిపై పెత్తనమూ పోలేదు. దాంతో రైతుల భూములు గడీల పాలయ్యాయి.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉండేవని చెబుతారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సాగు చేసుకుంటున్న భూమిపైనా దొర కన్నుపడింది. సంఘం అండతో ఆమె పంట దక్కించుకుంది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయారు. అక్కడి నుంచే సాయుధ పోరాటం రాజుకుంది. 1948లో నిజాం పాలనే పోయింది.

ఇప్పుడు హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఉన్నది దొర పేరు కాదు.. ఐలమ్మ పేరు!