కొత్త టెలిఫొటో జూమ్ కోసం ఆగాలా, ఉన్నదే కొనాలా?

కోరాపుట్, రాయగడల్లో పెళ్లిళ్లకు, జాతరలకు ఫొటోలు తీసే మన కుర్రాళ్లు తేల్చుకోలేని ప్రశ్న ఇది. కొత్త 70-200 ఎఫ్2.8 లెన్సు ధర లక్ష దాటుతుంది కాబట్టి, కొత్త మోడళ్లలో ఏం మారుతోందో ముందు చూద్దాం.

మొదటిది బరువు. సోనీ పాత జీఎం లెన్సు 1,480 గ్రాములు. 2021లో వచ్చిన రెండో రకం, స్టాండు రింగు కాకుండా, 1,045 గ్రాములే. తేలికైనదల్లా నాసిరకం కాదు. మంచి లెన్సుల్లో మెగ్నీషియం మిశ్రమ లోహంతో పాటు గట్టి ప్లాస్టిక్ కూడా వాడతారు. కెమెరాకు బిగించే మౌంటు మాత్రం లోహానిదై ఉండాలి.

రెండోది జూమ్ తీరు. కానన్ 2019 ఆర్‌ఎఫ్ లెన్సు జూమ్ చేస్తే ముందుకు సాగుతుంది. 2024లో వచ్చిన జడ్ రకం పొడవు మారదు. సాగే గొట్టం గాలిని, దుమ్మును లోపలికి లాక్కునే అవకాశం ఎక్కువ.

మన కొండల్లో అసలు శత్రువు వానాకాలపు తేమ. మౌంటు దగ్గరి రబ్బరు రింగు చినుకులను ఆపుతుంది గాని, తేమను పూర్తిగా ఆపలేదు. లెన్సును తోలు సంచిలో వదిలేస్తే అద్దాలకు ఫంగస్ పడుతుంది. పని కాగానే తుడిచి, ఆరాక, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టాలి.

చేతిలో పని ఉంటే ఆగనక్కర్లేదని మా అభిప్రాయం. కానన్ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో కొత్త ఆర్‌ఎఫ్ కెమెరాలకూ పనిచేస్తాయి. సెకండ్ హ్యాండ్ అయితే టార్చి వేసి లోపలి అద్దాలు చూశాకే డబ్బు ఇవ్వండి.