ఫొటోలో ఉన్నదెవరు? క్యాప్షన్‌లో లేనిదెవరు?

ప్రతి ఏడాది సెప్టెంబర్ 17 దగ్గరపడగానే ఒక ఫొటో మన ఫోన్లలోకి వచ్చేస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతులు జోడించి సర్దార్ పటేల్‌కు నమస్కరిస్తున్న ఫొటో. దాని కింద ‘1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగుబాటు’ అని రాసి ఉంటుంది. విమోచనం అనేవాళ్లూ, విలీనం అనేవాళ్లూ ఇద్దరూ దాన్నే పంచుకుంటారు. ఎవరికీ అనుమానం రాదు.

ఆ క్యాప్షన్ తప్పు. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది 1948 సెప్టెంబర్ 13న. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఆ రోజుల్లో పటేల్ హైదరాబాద్‌లో లేడు. ఆయన ఇక్కడికి వచ్చింది 1949 ఫిబ్రవరిలో. నిజాం బేగంపేట విమానాశ్రయానికి వెళ్లి ఆయనకు స్వాగతం పలికాడు. మనం చూస్తున్నది ఆ స్వాగతాన్ని.

ఐదు నెలల తేడాకు ఇంత రాద్ధాంతం దేనికని మీరు అడగవచ్చు. ఆ ఐదు నెలల్లో ఏం జరిగిందో చూడండి. సంస్థానం సైనిక పాలన కిందికి వెళ్లింది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హత్యాకాండపై సుందర్‌లాల్ కమిటీ జిల్లాలు తిరిగి విచారించింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం ముందుకు రాలేదు. ఫిబ్రవరి ఫొటోను సెప్టెంబర్‌కు జరిపితే ఆ ఐదు నెలలూ మాయమైపోతాయి. చరిత్ర ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఒక నమస్కారంగా మిగులుతుంది. తప్పు క్యాప్షన్ చేసే పని ఇదే.

అందుకే పాత యుద్ధకాలపు ఫొటోను ఎలా చదవాలో, అందులో ఉన్న మనిషినీ చోటునూ ఎలా గుర్తించాలో ఇక్కడ వివరిస్తున్నాం. విద్యార్థులకు ఇది పరిశోధన పద్ధతి. మన వాడల్లోని కుటుంబాలకైతే ఇది తాతల పేర్లు దక్కించుకునే పని.

క్యాప్షన్ సాక్ష్యం కాదు, ఒక వాంగ్మూలం

క్యాప్షన్‌ను ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక అవసరం కోసం రాస్తారు. కాబట్టి మొదటి ప్రశ్న ‘ఇందులో ఎవరున్నారు?’ అని కాకుండా ‘ఇలా అని ఎవరు చెప్పారు?’ అని ఉండాలి. ఫొటో అసలు ప్రతి ఎక్కడుంది? దాని వెనుక స్టూడియో ముద్ర ఉందా, నెగెటివ్ నంబర్ ఉందా, తేదీ ఉందా? ఇంటర్నెట్‌లో దొరికినదైతే చిత్రాన్నే పెట్టి వెతకండి. దొరికిన వాటిలో అన్నిటికంటే పాత ప్రతిని పట్టుకోండి. ఒకే రాత వంద చోట్ల కనిపిస్తే వంద సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. ఒక తప్పును తొంభై తొమ్మిది మంది కాపీ కొట్టి ఉండవచ్చు.

యుద్ధకాలంలో క్యాప్షన్లకు ఇంకో చిక్కు ఉంది. శత్రువుకు సమాచారం అందకూడదని సెన్సార్లు ఊరి పేరు తీసేసేవారు. భుజం మీది డివిజన్ గుర్తులను కూడా చెరిపేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని భారతీయ సైనికులను ఫొటోలు తీసిన గిర్డ్‌వుడ్ లాంటివాళ్లు కొన్ని దృశ్యాలను కెమెరా కోసం మళ్లీ ఆడించి తీశారు. అంటే కందకంలో తుపాకి ఎక్కుపెట్టిన సైనికుడు నిజమే అయినా, ఆ క్షణంలో అక్కడ యుద్ధం జరుగుతూ ఉండకపోవచ్చు.

‘హైదరాబాద్’ అన్న మాటతో జాగ్రత్త

మనవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇది. విదేశీ మ్యూజియం ఫొటో కింద ‘హైదరాబాద్ రెజిమెంట్’ అని కనిపించగానే ‘మన తెలంగాణ సైనికులు’ అని పోస్టు పెట్టేస్తారు. కానీ బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో ఉన్నది ప్రధానంగా కుమావోనీలు, జాట్లు, అహిర్లు. ఒకప్పుడు నిజాం రాజ్యం కోసం ఏర్పడిన పటాలాల వారసత్వంగా మిగిలిన పేరు అది. 1945లో దాని పేరునే కుమావూ రెజిమెంట్‌గా మార్చారు. నిజాం సొంత సైన్యం వేరు. 1941 డిసెంబర్‌లో మలయాలోని కోటా బారు దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొన్న 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ ఆ సంస్థాన సైన్యానికి చెందినది. అదే కాలంలో మలయాలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ 4వ బెటాలియన్ కూడా పోరాడింది. ఒకే దేశంలో, ఒకే యుద్ధంలో, ‘హైదరాబాద్’ పేరుతో రెండు వేర్వేరు దళాలు. నంబర్ చూడకుండా తేల్చలేం.

‘దక్కన్ హార్స్’ సంగతీ అంతే. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో పాల్గొన్న 20వ దక్కన్ హార్స్ గుర్రపు దళం ఫొటోలు ప్రసిద్ధం. అందులో దక్కనీ ముస్లింలతో పాటు సిక్కులు, జాట్లు ఉన్నారు. పేరు చూసి గుర్రం మీదున్న ప్రతివాడినీ దక్కన్ వాడనుకోకూడదు.

కొన్నిసార్లు ‘హైదరాబాద్’ అని ఉన్న చోట హైదరాబాద్ మనిషే ఉండడు. బ్రిటిష్ వైమానిక దళంలోని 110, 152 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు నిజాం ఇచ్చిన విరాళాల వల్ల వచ్చింది. 1918లో 110వ స్క్వాడ్రన్ విమానాల మీద నిజాం కానుక అని రాసి, హైదరాబాద్ పేరుతో వరస నంబర్లు వేశారు. అలాంటి విమానం ఒకటి ఇప్పటికీ లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. దాని మీద ప్రభువు పేరు ఉంది. ఆ ఖజానా నిండడానికి చెమటోడ్చిన రైతు పేరు గానీ, వెట్టి మనిషి పేరు గానీ లేదు.

ఒంటి మీద ఏముంది? వెనక ఏముంది?

సైనికుణ్ణి తల నుంచి కిందికి చదవండి. తలపాగా కట్టిన తీరు, టోపీ మీది బిల్ల, భుజం మీది లోహపు అక్షరాలు, రెట్ట మీది గుర్తు, ఛాతీ మీది రిబ్బన్లు, పిక్కలకు చుట్టిన పట్టీలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎర్ర గద్ద గుర్తు 4వ భారత డివిజన్‌ది, నల్ల పిల్లి 17వ డివిజన్‌ది, బాకు 19వ డివిజన్‌ది. పయనీర్ దళాలవాళ్లు రైఫిల్‌తో పాటు పారా, గడ్డపార లాంటి పనిముట్లు కూడా మోసేవారు. మద్రాస్ శాపర్లు, పయనీర్లలో పరయా, క్రైస్తవ సైనికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు కాబట్టి ఆ పనిముట్లు మనకు చాలా విలువైన ఆనవాళ్లు.

మహార్ రెజిమెంట్ బిల్ల కూడా ఇలాంటిదే. మహార్లను చేర్చుకోవడం 1890లలో ఆపేశారు. దానిపై గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో అర్జీ రాశాడు. 1917లో 111వ మహార్ దళాన్ని ఏర్పాటుచేసి, యుద్ధ అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. 1941 అక్టోబర్‌లో మళ్లీ మహార్ రెజిమెంట్ పుట్టింది. దాని తొలి బిల్ల మీద కోరేగావ్ స్తంభం ఉండేది. తర్వాత ఆ బిల్లను మార్చారు. టోపీ మీద ఆ స్తంభం కనిపిస్తే ఫొటో కాలం చాలావరకు తేలినట్టే. చమార్ రెజిమెంట్‌కైతే 1943 నుంచి 1946 వరకే ఆయుష్షు. ఆ పేరున్న ఫొటోను ఆ నాలుగేళ్ల బయట పెట్టలేం.

ఇక చోటు. కొండ వాలు, రాతి గుండ్లు, కట్టడాలు, రైలు పట్టాలు, బోర్డుల మీది లిపి, నీడ పడిన వైపు చూడండి. మా రాజేంద్రనగర్ వైపు నుంచే ఉదాహరణ చెప్తాం. ఫొటోలో హిమాయత్‌సాగర్ కట్ట పూర్తయి కనిపిస్తే అది మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఫొటో కాదు, ఆ కట్ట 1920లలో కట్టింది. ‘హైదరాబాద్ ఎయిర్‌పోర్టు’ అని ఉంటే ఈ తరం పిల్లలకు శంషాబాదే గుర్తొస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది 2008 మార్చిలో. అంతకు ముందు ప్రయాణికుల విమానాలు దిగింది బేగంపేటలో. పటేల్ ఫొటోలో చోటును తేల్చేది కూడా ఈ చిన్న విషయమే.

పేరు లేనివాళ్లు

పాత ఫొటోల్లో తెల్ల అధికారికి పూర్తి పేరు ఉంటుంది. భారతీయ సుబేదారుకు కొన్నిసార్లు పేరు ఉంటుంది. సిపాయికి రెజిమెంట్ పేరే దిక్కు. ఆ వెనక బిందె పట్టుకున్నవాడు, చీపురు పట్టుకున్నవాడు, చెప్పులు కుట్టేవాడు, గాడిదలు తోలేవాడు ఉంటే వాళ్లకు ఏమీ ఉండదు. మహా అయితే ‘ఫాలోయర్’ అన్న ఒక్క మాట. మొదటి ప్రపంచ యుద్ధానికి భారత్ నుంచి చేర్చుకున్న సుమారు 14 లక్షల మందిలో 5.5 లక్షలకు పైగా ఇలాంటి నాన్-కంబాటెంట్లే. అందరూ దళితులు కారు. కానీ పాకీపని, తోలుపని కులాన్ని చూసే అప్పగించేవారు.

వీళ్లలో పేరు మిగిలినవాడు సుఖా. బరేలీ ప్రాంతం నుంచి వెళ్లిన పాకీపనివాడు. 1915 జనవరిలో ఇంగ్లండ్‌లోని బ్రాకెన్‌హర్స్ట్‌లో చనిపోయాడు. అక్కడి చర్చి ఆవరణలో పాతిపెట్టి, ఆ ఊరివాళ్లే చందాలు వేసుకుని సమాధిరాయి నిలిపారు. మరోవైపు ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్, భారతీయ అధికారుల పేర్లు చెక్కి, వేలాది భారతీయ సిపాయిలను దళాలవారీగా అంకెలుగా వదిలేశారు. స్మారకాల్లో జరిగిన ఈ వివక్షను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో తన నివేదికలో ఒప్పుకుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పేరు లేని మనిషిని చూసి ‘మొహం చూస్తే మనవాడే’ అనకండి. రంగు, ముక్కు, ఎత్తు చూసి కులం చెప్పడం బ్రిటిష్ రిక్రూటింగ్ అధికారుల విద్య. ఆ విద్యతోనే ‘యుద్ధ జాతులు’ అని కొందరిని పైకెత్తి, దళితులను సైన్యం నుంచి గెంటేశారు. మనం దాన్ని తిరగేసి వాడకూడదు. కులానికి ఆధారం సర్వీసు పత్రంలోని ‘క్లాస్’ గడి, డిశ్చార్జి సర్టిఫికెట్, పెన్షన్ కాగితం, కుటుంబం చెప్పే మాట.

మన ఇళ్లలో ఏం చేయాలి

శంషాబాద్ విమానాశ్రయం కోసం సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. ఊరు కదిలినప్పుడు ట్రంకు పెట్టెలూ కదులుతాయి. అడుగున ఉన్న ఫొటోలు చెదలపాలవుతాయి. అందుకే ఈ పని ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల అనుమతితో ఫొటోను రెండు వైపులా స్కాన్ చేయండి. వెనకవైపు పెన్నుతో రాయకండి, లామినేషన్ చేయించకండి. అవ్వ చెప్పేది ఆమె మాటల్లోనే రికార్డు చేయండి. ‘మీ తాత బర్మా పోయిండు’ అన్న ఒక్క మాట ఒక డివిజన్ గుర్తుతో కలిస్తే దారి దొరుకుతుంది. చనిపోయిన సైనికుడైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో సర్వీసు నంబర్, దళం వెతకండి. చాలా ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. సంస్థాన సైన్యం విషయాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, శాపర్ల విషయాలకు బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం, పెన్షన్ సంగతులకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నాయి.

చివరికి మీరు క్యాప్షన్ రాసేటప్పుడు మూడు మాటలు విడివిడిగా రాయండి: ఇది రుజువైంది, ఇది చాలావరకు నిజం కావచ్చు, ఇది మా ఊహ. ఎందుకు అలా అనుకుంటున్నారో పక్కనే రాయండి. రేపు ఇంకొకరు వచ్చి మన తప్పు దిద్దగలగాలి. పటేల్ ఫొటో కింద మొదటిసారి తప్పు రాసినవాళ్లు ఆ జాగ్రత్త తీసుకోలేదు. మన తాతల ఫొటోల కింద మనం అదే పని చేయొద్దు.

ఈ సెప్టెంబర్ 17కు ఆ ఫొటో మీ ఫోన్‌కు మళ్లీ వస్తుంది. పంపినవాళ్లతో కొట్లాడక్కర్లేదు. ‘అన్నా, ఇది 1949 ఫిబ్రవరి, బేగంపేట’ అని రాయండి. ఆ తర్వాత మీ ఇంట్లోని ట్రంకు పెట్టె తెరవండి.