సీసపు బ్యాటరీల పరీక్ష

విద్యుత్ సబ్‌స్టేషనులో అడుగిడినవారికి మొదట కంటబడునవి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, ఎత్తైన స్తంభములు, లావైన తీగలు. ఒక ప్రక్కగదిలో బల్లలపై వరుసగా అమర్చిన బ్యాటరీలను సాధారణముగా ఎవరును గమనింపరు. కాని సబ్‌స్టేషను భద్రత చాలవరకు ఆ గదిపైననే ఆధారపడి యున్నది. లైనుపై పిడుగు పడినను, తీగ తెగి నేలను తాకినను, రిలే అను పరికరము ఆ దోషమును కనిపెట్టి సర్క్యూటు బ్రేకరును తెరువుమని ఆజ్ఞ యిచ్చును. ఆ ఆజ్ఞ నెరవేరుటకు కావలసిన విద్యుత్తు బ్యాటరీనుండి వచ్చును. దోషము కలిగిన క్షణముననే లైనులోని వోల్టేజి పడిపోవచ్చును గనుక దానిని నమ్ముకొనుటకు వీలులేదు. అప్పుడు బ్యాటరీ పనిచేయకున్నచో బ్రేకరు తెరచుకొనదు. విలువైన ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. మనుష్యుల ప్రాణములకే ముప్పు రావచ్చును.

ఇట్టి బ్యాటరీలలో ఒక సాధారణమైన అమరిక 110 వోల్టులది. అందు ఒక్కొక్కటి 2 వోల్టుల ఘటములు 55 వరుసగా కలుపబడి యుండును. ఛార్జరు వాటికి ఎల్లప్పుడును కొద్దిపాటి విద్యుత్తును అందించుచుండును. నెలల తరబడి పని లేకుండ ఉండి, అవసరమైన క్షణమున తప్పక పనిచేయవలసిన వస్తువు ఇది. కావున దీనిని గురించి రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇప్పుడు దీనిలో ఎంత ఛార్జి ఉన్నది? అసలు ఎంత ఛార్జిని పట్టగల శక్తి దీనికి మిగిలియున్నది? ఈ రెండును ఒకటి కావు. పూడిక నిండిన చెరువు అలుగు పారుచున్నను, దాని నీటితో పండు పొలము కొద్దియే. అట్లే పాతబడిన బ్యాటరీ పూర్తిగా ఛార్జి అయి యుండియు, కొంతసేపటికే ఖాళీ కావచ్చును.

ఆమ్లము చెప్పు సాక్ష్యము

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. ఛార్జి అయిన ఘటములో ధనఫలకముపై సీసపు డయాక్సైడు, ఋణఫలకముపై మెత్తని సీసము ఉండును. రెండును నీరు కలిపిన గంధకికామ్లములో మునిగియుండును. ఘటమునుండి విద్యుత్తును తీసికొనునపుడు రెండు ఫలకములును ఆమ్లముతో కలిసి సీసపు సల్ఫేటుగా మారును, నీరు పుట్టును. ఛార్జి చేయునపుడు ఈ చర్య వెనుకకు నడచి, ఆమ్లము తిరిగి ఏర్పడును.

ఈ చర్యలో ఆమ్లము కేవలము విద్యుత్తును ప్రసరింపజేయు ద్రవము కాదు, తానును ఖర్చగుచుండును. ఒక్కొక్క ఆంపియర్-గంటకు ప్రతి ఘటములోను సుమారు 3.66 గ్రాముల ఆమ్లము ఖర్చయి, 0.67 గ్రాము నీరు పుట్టును. 100 ఆంపియర్-గంటల విద్యుత్తును తీసినచో ఒక ఘటములో 366 గ్రాముల ఆమ్లము తగ్గి, 67 గ్రాముల నీరు చేరునన్నమాట. ఆమ్లము నీటికంటె బరువైనది గనుక ఛార్జి తగ్గినకొలది ద్రవము తేలికపడును. ద్రవము విశిష్ట సాంద్రతను కొలిచినచో ఛార్జి ఎంత మిగిలినదో తెలియును.

దీనికి వాడు సాధనము హైడ్రోమీటరు. అడుగున బరువుంచిన గాజుగొట్టము ద్రవములో నిలువుగా తేలును. బరువైన ద్రవములో పైకి, తేలికైన ద్రవములో లోతుగా నిలుచును. ఇది ఆర్కిమెడీసు సూత్రమే. సబ్‌స్టేషను ఘటములలో పూర్తి ఛార్జియందు సాంద్రత సుమారు 1.200 ఉండును. తరగతిలో దీనిని చూపుటకు ఆమ్లము అవసరము లేదు. ఇక కరగనంతవరకు ఉప్పు కలిపిన నీటి సాంద్రతయు ఇంచుమించు 1.2 యే. ఒక పరీక్షనాళికలో సీసపు గుండ్లు వేసి మంచినీటిలో తేల్చవలెను. అది 12 సెంటీమీటర్లు మునిగినచో, ఉప్పునీటిలో సుమారు 10 సెంటీమీటర్లే మునుగును.

సాంద్రతను చదువుటలో రెండు జాగ్రత్తలు కలవు. మొదటిది ఉష్ణోగ్రత. మన దేశములో సాంద్రతను 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చెప్పుట వాడుక. ఆమ్లము ఒక డిగ్రీ వేడెక్కినచో వ్యాకోచము వలన సాంద్రత సుమారు 0.0007 తగ్గును. మే నెలలో ఆమ్లము 42 డిగ్రీలు ఉన్నచో, 1.190 అని చూపు ఘటము నిజముగా 1.200 వద్ద ఉన్నట్లే. రెండవది నీరు. ఆవిరియై, వాయువులై పోయిన నీటికి బదులు స్వేదనజలము పోయుదురు. అది వెంటనే క్రిందకు కలియక పైననే నిలుచును. అప్పుడు చదివిన సాంద్రత తప్పుత్రోవ పట్టించును. కావున ముందు చదివి, పిమ్మట నీరు పోయవలెను.

వోల్టుమీటరు ఎక్కడ మోసగించును?

వోల్టుమీటరుతో ఛార్జిని తెలిసికొనరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. ఛార్జరును, భారమును తీసివేసి కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చిన ఘటములో వోల్టేజి ఇంచుమించు సాంద్రతకు 0.84 కలిపినంత ఉండును. 1.200 సాంద్రతకు 2.04 వోల్టులు, 1.150కి 1.99 వోల్టులు. తేడా 0.05 వోల్టు మాత్రమే గనుక సూక్ష్మమైన మీటరు కావలెను.

ఛార్జరు కలిపియున్నపుడు సంగతి వేరు. ఘటమునకు 2.2 వోల్టుల చొప్పున 55 ఘటములకు 121 వోల్టులను ఛార్జరు నిలుపుచుండును. మీటరు చూపునది ఆ ఛార్జరు వోల్టేజినే. ఒక ఘటము లోపల షార్టు అయి సున్నకు దిగినను, మిగిలిన 54 ఘటములు 2.24 వోల్టుల చొప్పున పంచుకొని మొత్తమును 121గానే చూపును. ఏదో యొక ఘటములో లంకె తెగిపోయినను మీటరులో మార్పుండదు. కాని ఛార్జరు ఆగిన మరుక్షణమున బ్యాటరీనుండి ఏమియు రాదు. కావున మొత్తమును చూచి తృప్తిపడక, ప్రతి ఘటము వోల్టేజిని విడివిడిగా కొలువవలెను.

పటుత్వమును తెలిసికొనుట

బ్యాటరీ బలహీనపడుటకు కారణములు అనేకములు. చాలకాలము తక్కువ ఛార్జిలో ఉంచినచో సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికములై తిరిగి కరగదు. ధనఫలకము చట్రము క్రమముగా తినిపోవును. ఫలకములపై పదార్థము రాలి అడుగున చేరును. వేడి వీటి నన్నిటిని త్వరపెట్టును. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగినచో ఆయుర్దాయము సగమగునని లెక్క.

పూర్తిగా ఛార్జి చేసిన పిమ్మటను సాంద్రత పైకి రాని ఘటమును అనుమానింపవలెను. కాని సాంద్రత సరిగా నున్నంతమాత్రమున పటుత్వ మున్నదని చెప్పలేము. దానికి నమ్మదగిన పరీక్ష ఒక్కటే: విద్యుత్తును నిజముగా తీసి చూచుట. 200 ఆంపియర్-గంటల బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, ఒక నిరోధము ద్వారా 20 ఆంపియర్ల చొప్పున వదలుదురు. గంటగంటకు ప్రతి ఘటము వోల్టేజిని వ్రాసికొందురు. సగటున ఘటమునకు 1.85 వోల్టులకు, అనగా మొత్తము 101.75 వోల్టులకు దిగగనే ఆపుదురు. అది 10 గంటలు నిలిచినచో బ్యాటరీ పటుత్వము నూరు శాతము. 7 గంటలకే ఆగినచో 140 ఆంపియర్-గంటలు, అనగా 70 శాతము. 80 శాతమునకు తగ్గినదానిని మార్చుట ఆచారము. పరీక్ష జరుగునంతసేపు సబ్‌స్టేషనుకు వేరొక బ్యాటరీని కలిపి యుంచవలెను.

ఘటములు వరుసగా కలుపబడినవి గనుక అన్నిటిలోను ఒకే ప్రవాహము పారును. బలహీనమైన ఘటము ముందుగా ఖాళీ అయినచో, మిగిలినవాటి ప్రవాహము దానిలో బలవంతముగా పారి ధ్రువములనే తారుమారు చేయును. అందుచేత 55లో ఒక్క చెడ్డ ఘటమైనను ఉపేక్షింపరాదు.

మూసివేసిన బ్యాటరీలలో హైడ్రోమీటరు ముంచుటకు వీలుండదు. వాటిలో వోల్టేజితోపాటు ఉష్ణోగ్రతను, అంతర్నిరోధమును కొలుతురు. ఘటము పాడగుకొలది అంతర్నిరోధము పెరుగును. లోనికి పోయినది, వెలుపలికి వచ్చినది లెక్కగట్టు ఎలక్ట్రానిక్ పరికరములును కలవు. కాని చిన్న పొరపాట్లు రోజురోజుకు కూడుచుండును గనుక పూర్తి ఛార్జియైనపుడెల్ల ఆ లెక్కను సరిచేయవలెను.

బ్యాటరీ గదిలో పనిచేయువారు కంటి అద్దములు, రబ్బరు చేతితొడుగులు ధరింపవలెను. ఛార్జి చేయునపుడు ఉదజని వాయువు వెలువడును; గాలిలో అది 4 శాతము చేరినచో నిప్పురవ్వతో పేలగలదు. అందుకే ఆ గదిలో గాలి బాగుగా ఆడవలెను, అగ్గిపుల్ల గీయరాదు.

ఆ గదిలో ఒక పుస్తకము వ్రేలాడుచుండును. దానిలో ఘటముల సంఖ్యలు, తేదీలు, సాంద్రతలు, వోల్టేజీలు వ్రాయబడి యుండును. ఒకనాటి అంకెకంటె అంకెల వరుస ఎక్కువ తెలుపును. ఒక ఘటము 1.200, 1.195, 1.190 అని నెలనెలకు దిగుచు, పొరుగు ఘటములు కదలకున్నచో, లోపము ఆ ఘటముననే ఉన్నదని ముందుగానే తెలియును. పిడుగు పడు రాత్రికి ముందే దానిని మార్చివేయవచ్చును.